మూస్ పరుగు తీస్తే మొరగని కుక్క

స్వీడన్‌లో మార్చి 1 నుంచి ఆగస్టు 20 దాకా వన్యప్రాణులు తిరిగే చోట కుక్కను వదలకూడదని చట్టం. అడవిలో పిల్లలు పుట్టి పెరిగే కాలం అది. ఆగస్టు 21 వచ్చిందంటే ఉత్తరాదిన వేటకుక్క ఉన్న ప్రతి ఇంట్లో ఒకటే హడావుడి. సెప్టెంబరు మొదటి సోమవారం అక్కడ మూస్ అనే భారీ జింక వేట మొదలవుతుంది. ఈలోగా ఉన్న కొద్ది రోజుల్లోనే లేత కుక్కల్ని అడవికి అలవాటు చేసుకోవాలి.

నేను స్టాక్‌హోమ్ నుంచి ఉత్తరాన ఉన్న యెమ్ట్‌లాండ్ సీమకు వెళ్ళింది ఆ రోజుల్లోనే. ఆఫీసులో నా పక్క సీటు అబ్బాయిది ఆ ప్రాంతమే. "మా నాన్న ఈ వారమంతా కుక్కకి నోరు మూసుకోవడం నేర్పుతాడు, వచ్చి చూస్తావా?" అన్నాడు. మన దగ్గర మొరగని కుక్కను ఎవరు పెంచుకుంటారు? పొలం కాపలాకైనా, ఇంటి గుమ్మానికైనా దాని గొంతే కదా దాని విలువ. అది చూసి తీరాలనిపించింది.

ఆ సీమలోని ఎస్టర్‌సుండ్‌కు రైల్లో ఐదు గంటల పైనే పట్టింది. ఊరు స్టూర్‌షోన్ సరస్సు ఒడ్డున ఉంటుంది. ఈ సీమ రాజముద్రలోనే మూస్ ఉంది. వెండి రంగు మూస్ నడుస్తుంటే దాని వీపు మీద బంగారు డేగ, ఎదుట కాళ్ళు పైకెత్తి నిలబడ్డ బంగారు కుక్క. దారిలో గ్లోసా దగ్గర ఆగి, వాగు పక్క బండ మీద చెక్కిన మూస్ బొమ్మలు చూశాం. ఆరు వేల ఏళ్ళ నాటివట. గీతలు సన్నగా, తేటగా ఉన్నాయి. కొన్నిటికి పొట్టలోని భాగాలు కూడా గీశారు. జంతువును కోసి చూసినవాడి చేతి గీత అది.

పెద్దాయనకు, అంటే ఆ అబ్బాయి నాన్నకు, డెబ్బై దాటాయి. చెయ్యి కలిపి పేరుతో పిలవమన్నాడు కానీ, తండ్రి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆయన కుక్క పేరు తూవా, రెండేళ్ళు నిండబోతున్న ఆడది, యెమ్ట్‌హుండ్ అనే వేటకుక్క జాతి. నిక్కబొడుచుకున్న చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక, బూడిద రంగు ఒత్తు బొచ్చు, బుగ్గల మీద, గొంతు కింద మీగడ రంగు. మొదటిసారి చూస్తే తోడేలే గుర్తొస్తుంది. అంతకుముందు నార్వే బూడిద రంగు ఎల్క్‌హౌండ్ జాతితో కలిపేసి చూసిన ఈ కుక్కలకు 1946లో వేరే జాతిగా గుర్తింపు వచ్చింది. ఆ సంవత్సరం చెప్పేటప్పుడు ఆయన గొంతులో గర్వం వినిపించింది.

రాత్రి భోజనాల దగ్గర ఆయన పని తీరు చెప్పాడు. మూస్ జింక కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. బాగా ఎదిగిన మగది నాలుగైదు వందల కిలోలు తూగుతుంది. ఒంటరి కుక్క ఎదురైతే అది చాలాసార్లు పారిపోదు, ఆగి ఎదురు నిలుస్తుంది. తోడేలును కూడా ముందు కాళ్ళతో తొక్కి చంపగల జంతువుకు ఒక్క కుక్కంటే భయమెందుకు? కుక్క పని దాన్ని కరవడం కాదు. అందనంత దూరంలో నిలబడి, ఆపకుండా మొరుగుతూ దాని చూపును తన మీదే ఉంచుకోవాలి. ఆ మొరుగుడు చాటున వేటగాడు గాలికి ఎదురుగా నడుచుకుంటూ దగ్గరికి వస్తాడు. ఈ నిలకడ మొరుగుడును స్టోండ్‌స్కాల్ అంటారు.

చిక్కంతా మూస్ మనిషి వాసన పట్టి పరుగు తీసినప్పుడే. అప్పుడు కుక్క కూడా మొరుగుతూ వెంటపడితే, శత్రువు వెనకే ఉన్నాడని మూస్‌కు క్షణక్షణం తెలుస్తూనే ఉంటుంది. ఇక అది ఆగదు, ఏరు దాటి పక్క ఊరి అడవిలోకి వెళ్ళిపోతుంది. కుక్క చప్పుడు చెయ్యకుండా వెంబడిస్తే కాసేపటికి మూస్ పీడ వదిలిందనుకుని నెమ్మదిస్తుంది. అప్పుడు కుక్క ముందుకు చుట్టి వచ్చి మళ్ళీ గొంతెత్తాలి. నిలబడితే మొరగాలి, పరుగెడితే మూగగా ఉండాలి. ఇంత తేడా ఒక కుక్క బుర్రకెక్కించడం మాటలు కాదు.

నేను వేటంటే ఇష్టపడే మనిషిని కాదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట అనే మాటే నేరం కింద లెక్క, అది అలాగే ఉండాలని నా కోరిక. అయినా ఆ రాత్రి ఆయన చెప్పిన ఒక సంగతి నన్ను పట్టేసింది. పరుగెత్తే మూస్ మీద పేల్చిన గుండు చాలాసార్లు తగలాల్సిన చోట తగలదు. గాయపడ్డ జంతువు గంటల తరబడి అడవిలో పడి బాధపడుతుంది. అందుకే, గాయపడ్డ జంతువును వెతికే శిక్షణ ఉన్న కుక్క రెండు గంటల్లో చేరేలా ఏర్పాటు లేకుండా మూస్ వేట చెయ్యకూడదని ఇక్కడి నియమం. పరుగులో కుక్క మూగగా ఉంటే మూస్ ఆగుతుంది, ఆగిన మూస్‌కు ఒక్క గుండుతో అయిపోతుంది. అంటే ఆ మౌనం మూస్‌కు కూడా మేలే.

మర్నాడు పొగమంచు విడవకముందే స్ప్రూస్ చెట్ల మధ్యకు వెళ్ళాం. కింద బ్లూబెర్రీ పొదలు, వాటి మధ్య అప్పుడప్పుడే ఎర్రబడుతున్న లింగన్ పళ్ళు. బురద నేలలో రెండు గిట్టల ముద్ర, అంచు ఇంకా ఎండలేదు. తూవా వాసన పట్టింది. ఛాతీ పట్టీకి కట్టిన తాడు బిగిసింది. గొంతులోంచి సన్నగా కుయ్‌మనే మూలుగు మొదలైంది.

పెద్దాయన ఒక మొద్దు మీద కూర్చున్నాడు. తిట్టలేదు, తాడు లాగలేదు, పేరు పెట్టి పిలవలేదు. ఫ్లాస్కు తీసి కాఫీ పోసుకున్నాడు. తూవా ఆయన వంక చూసింది, జాడ వంక చూసింది, మళ్ళీ మూలిగింది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి. కప్పులో కాఫీ సగమైంది. చివరికి ముక్కులోంచి పొడుగ్గా గాలి వదిలి, తల దించి నేల వాసన చూసింది. ఆయన అదే క్షణంలో లేచి ఒక అడుగు వేశాడు. పది గజాలు పోగానే మళ్ళీ కుయ్‌మంది, మళ్ళీ మొద్దు వెతుక్కున్నాడు. ఉదయమంతా అలాగే గడిచింది. నాకు మధ్యలో చిరాకేసింది కానీ ఆయన ముఖంలో దాని ఛాయ కూడా లేదు. "నోరు తెరిస్తే అడవి ఆగిపోతుందని దానికి తెలియాలి. నేను ఆపుతున్నానని కాదు," అన్నాడు.

ఏకలవ్యుడు గుర్తొచ్చాడు. తనను చూసి మొరిగిన పాండవుల వేటకుక్క నోటిని బాణాలతో నింపేశాడు కదా. ఆ కథ చెబితే ఆయన చాలాసేపు ఆలోచించాడు. కరెంటు షాకిచ్చే పట్టీలు స్వీడన్‌లో నిషేధమని, నిషేధం లేకపోయినా తాను వాడనని చెప్పాడు. పరుగెత్తుతుండగా షాక్ తగిలిన కుక్క "మొరిగినందుకు" అనుకోదు, "మూస్‌ను చూసినందుకు" అనుకుంటుందట. తర్వాత మూస్ ఎదుట నిలబడ్డా మొరగదు. అలా పాడైపోయిన మంచి కుక్కలను ఆయన కుర్రతనంలో చూశాడు.

సగం మౌనం నెత్తుటిలోంచే వస్తుందని, అందుకే పిల్లను కొనేముందు తల్లిదండ్రులు పరుగులో ఎలా ఉంటాయో అడుగుతామని అన్నాడు. మిగతా సగం యజమాని ఏం చెయ్యకుండా ఉంటాడన్న దాని మీదే ఉంటుంది. లేత కుక్కను కుందేళ్ళ వెంట, చిన్న జింకల వెంట పడనివ్వడు. ఇంకో కుక్కతో కలిపి వదలడు, పోటీలో రెండూ గొంతెత్తుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, మొరుగుతూ తరిమిన మూస్‌ను ఎంత చక్కగా ఎదురొచ్చినా కాల్చడు. ఒక్కసారి కాలిస్తే ఆ అరుపుకు బహుమతి ఇచ్చినట్టేనట.

మధ్యాహ్నం తూవాకు నారింజ రంగు జాకెట్టు, మెడకు జీపీఎస్ పట్టీ తగిలించి వదిలాడు. చేతిలోని చిన్న తెర మీద దాని దారి గీతలా సాగుతోంది, పక్కనే నిమిషానికి ఎన్నిసార్లు మొరుగుతోందో అంకె. చాలాసేపు సున్నా. తర్వాత దూరం నుంచి గొంతు వినిపించింది, తెర మీద 70 దాటింది. గాలి చూసుకుంటూ ముందుకు వెళ్ళాం. కొమ్మల సందులోంచి ఓ వయసు మగ మూస్ కనిపించింది. ఈగను చూసే ఎద్దులా కుక్క వంక తల వంచి చూస్తోంది. అంతలో గాలి మళ్ళింది. మూస్ తలెత్తింది, కొమ్మలు విరిగిన చప్పుడు, అంతే.

తూవా మూడు నాలుగు సార్లు కీచుగా అరిచింది. పెద్దాయన పెదవులు బిగించి తెర వంకే చూస్తున్నాడు. అంకె సున్నాకు పడిపోయింది. గీత మాత్రం సాగుతోంది, కొండ వాలు, చిత్తడి అంచు, కిలోమీటరు, రెండు కిలోమీటర్లు. ఆయన చెయ్యి వణకడం చూశాను. పోయిన ఏడాది ఇదే చోట అది మొరుగుతూ ఏరు దాకా తరిమిందట. నాకు కూడా టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. గీత ఆగింది, చిన్న వంపు తిరిగింది. అంకె 40, 65, 82.

ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళాడు. తుపాకీ తెచ్చుకోలేదు, వేట ఇంకా మొదలవలేదు కదా. చిత్తడిలో మోకాళ్ళ మీద కూర్చుని తూవాకు తాడు కట్టి, జేబులోంచి ఎండు మాంసం ముక్క తీసి పెట్టి, రెండు చేతులతో మెడ పట్టుకుని దాని చెవిలో స్వీడిష్‌లో ఏదో అన్నాడు. మూస్ మెల్లగా చెట్లలోకి నడిచి వెళ్తుంటే తూవాను కూర్చోబెట్టి చూడనిచ్చాడు. అది మూలగలేదు.

రాత్రి ఊరి వేట బృందం నాయకుడి ఫోన్ వచ్చింది. మొదటి సోమవారం తూవాను తెస్తారా అని అడుగుతున్నాడు. పెద్దాయన తీసుకురానన్నాడు. బృందంలో తుపాకులు చాలా ఉంటాయి, ఆ మూడు నాలుగు కీచు అరుపుల మధ్యలో ఎవరో ఒకరు పేలుస్తారు, ఏడాది పని గంగపాలు. మొదటి నెల తాను ఒక్కడే దానితో తిరుగుతానని, నిలబడిన మూస్‌నే కాలుస్తానని, తన వంతు మాంసం తగ్గినా పర్వాలేదని చెప్పాడు. అవతలి మనిషి బతిమాలుతున్నట్టున్నాడు. ఈయన వింటూనే, కాలితో తూవా వీపు నిమురుతూ, లేదు లేదు అంటూనే ఉన్నాడు.