చెంగ్‌యు సాధన: తానే పోసుకుని తానే తాగడం

ఈ నెల నా చైనీస్ జాతీయాల (చెంగ్‌యుల) సాధన చాలావరకు 'జ్-జెన్-జ్-యిన్' అనే ఒక్క చెంగ్‌యు చుట్టూనే సాగింది. నాలుగక్షరాల ఈ మాటకు తానే పోసుకుని తానే తాగడమని అర్థం.

ఉచ్చారణలో మొదటి, మూడవ అక్షరాలు ఒకటే: 'జడ'లోని జకారానికి దగ్గరగా పలుకుతూ స్వరాన్ని పైనుంచి కిందికి దించాలి. రెండవదాన్ని నాలుక కొన వెనక్కి మడిచి ఎత్తైన స్వరంలో నిలపాలి, చివరిదాన్ని బాగా కిందికి దించాలి.

రాతలో కష్టమంతా 'పోయడం' అనే అర్థమున్న 'జెన్' దగ్గరే ఉంది. దీనిలో 13 గీతలున్నాయి. ఎడమవైపు 9 గీతల భాగం ధ్వనిని సూచిస్తే, కుడివైపు 4 గీతల భాగం ముంచిపోసే గరిటెను సూచిస్తుంది. పిల్లల లెక్కల గళ్ళ పుస్తకంలో నాలుగు గళ్ళను ఒకటిగా తీసుకుని, ఎడమ భాగాన్ని సన్నగా ముగిస్తేనే గరిటెకు చోటు మిగులుతోంది. ఇదే అక్షరం 'జెన్-జువో'లో చేరితే మాటలనో నిర్ణయాలనో ఆచితూచి చూసుకోవడమనే అర్థం వస్తుంది. ఈ నెల నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే.

వాడుకను నిఘంటువు అర్థంతో సరిపెట్టుకోకూడదు. చైనా విందులో పక్కవారి పాత్ర నింపడం మర్యాద కాబట్టి, తానే పోసుకున్నాడంటే తోడెవరూ లేరని స్ఫురిస్తుంది. అయితే ఆ ఒంటరితనం దుఃఖమే కానక్కరలేదు. కిటికీ పక్కన తీరిగ్గా టీ తాగుతున్న మనిషికీ ఈ మాట చెల్లుతుంది. బాధను మద్యంతో కడుక్కోవడానికి 'జియె-జియు-జియావ్-చౌ' అనే వేరే చెంగ్‌యు ఉంది కనుక రెండింటినీ ఒకే కార్డుపై రాయకుండా, విడివిడిగా ఒక్కొక్క వాక్యంతో రాసుకున్నాను. తాంగ్ యుగపు కవి లీ బాయ్ (701–762) వెన్నెల్లో ఒంటరిగా తాగుతూ చంద్రుణ్ణి పిలిచి, తన నీడతో కలిపి ముగ్గురమయ్యామన్న కవితను చదివితే, ఏకాంతంలో విలాసమూ విషాదమూ ఎంత దగ్గరగా ఉండగలవో తెలుస్తుంది.

ఇదే మాదిరిలో ఉన్న 'జ్-యెన్-జ్-యూ' (తనలో తాను మాట్లాడుకోవడం), 'జ్-జువో-జ్-షౌ' (తాను చేసుకున్నది తానే అనుభవించడం) కూడా కలిపి చదివాను. మొదటిదాని మాదిరి తెలిశాక ఇవి తేలికగానే పట్టుబడ్డాయి. వచ్చే నెల ఎదురెదురుగా కూర్చుని తాగడాన్ని చెప్పే 'దువే-జువో' మొదలుపెడతాను.