కొర్నీల్యా మెట్ల మీద తెలుగు లెక్క

మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. పుట్టి పెరిగింది మ్యూనిక్‌లో. తెలుగు అంకెలు ఇరవై దాకా తడుముకోకుండా చెప్తాడు. ఆ తర్వాత ‘ఒకటీ ఇరవై, రెండూ ఇరవై’ అని అందుకుంటాడు. జర్మన్‌లో ఒకట్లు ముందు, పదులు తర్వాత పలుకుతారు. వాడి నాలుకకు అదే వరస అలవాటైంది. శనివారం తెలుగు తరగతిలో దిద్దారు, ఇంట్లో నేను దిద్దాను, నిలవలేదు. చివరికి అది కుదురుకున్నది ఇటలీలో, ఒక రైల్వే స్టేషన్ పక్కనున్న మెట్ల మీద.

బవేరియాలో వేసవి మొదట్లో బడులకు రెండు వారాల సెలవులు వస్తాయి. ఈసారి ఇండియా టికెట్లు మా చేతికి అందలేదు. అందుకని చింక్వె తెర్రెకు వెళ్లాం. ఆ పేరుకు ‘ఐదు నేలలు’ అని అర్థం. మొంటెరొస్సో, వెర్నాత్సా, కొర్నీల్యా, మనరోలా, రియోమజ్జోరే: లిగూరియా తీరంలో కొండవాలును పట్టుకుని ఉన్న ఐదు ఊళ్లు. రైలెక్కితే ఒక ఊరి నుంచి పక్క ఊరికి సొరంగాల్లో నుంచి ఐదు నిమిషాలు కూడా పట్టదు. మేం మాత్రం నడవడానికే వెళ్లాం.

ఐదింటిలో రేవు లేనిది కొర్నీల్యా ఒక్కటే. స్టేషన్ కింద, ఊరు సముద్రానికి వంద మీటర్ల ఎత్తున. మధ్యలో లార్దరీనా అనే ఇటుక మెట్ల దారి, 33 వరసలుగా 382 మెట్లు. పైకి చూడగానే పిల్లవాడి ముఖం వాడిపోయింది. నాకు తిరుమల గుర్తొచ్చింది. మా అమ్మ అలిపిరి దారిలో మెట్టుమెట్టుకూ వంగి పసుపు, కుంకుమ పెడుతూ ఎక్కినప్పుడు పక్కన లెక్కపెట్టింది నేనే. అక్కడ 3,550.

“లెక్కపెడుతూ ఎక్కుదాం నాన్నా, తెలుగులో” అన్నాను.

ఇరవై ఒకటో మెట్టు మీద వాడు ఎప్పటిలాగే ‘ఒకటీ ఇరవై’ అన్నాడు. నేను మాటతో దిద్దలేదు. ‘ఇరవై’ అంటూ కాలెత్తి, ‘ఒకటి’ అంటూ మెట్టు మీద మోపాను. వాడూ అలాగే చేశాడు. ముప్పై దాటేసరికి పాదం లేస్తే పదులు, ఆనితే ఒకట్లు. నలభైల్లో నా సాయం అక్కర్లేకపోయింది.

నూరు తర్వాత ‘వందా ఒకటి’ అన్నాడు. “నూట ఒకటి” అన్నాను. వంద ఉన్నట్టుండి నూరెందుకైందని నిలదీశాడు. రెండూ ఒకటేనని చెప్పి, 116వ మెట్టు దగ్గర ఆపి, నీళ్లు తాగిస్తూ నూటపదహార్ల సంగతి చెప్పాను. పెళ్లిళ్లలో చదివింపులు, వాడి బారసాల నాడు తాతయ్య చేతిలో పెట్టిన నూటపదహార్లు. “అయితే ఇది నా మెట్టు” అని దాని మీదే కూర్చుండిపోయాడు. లేపడానికి చాలాసేపు పట్టింది.

అమ్మాయికి పదమూడేళ్లు. ఏడాదిగా రైల్లోనో దుకాణంలోనో తెలుగులో పిలిస్తే, మెల్లగా మాట్లాడమని కళ్లతోనే సైగ చేస్తోంది. మనసు చివుక్కుమంటుంది కానీ కోప్పడను. ఆ వయసులో నలుగురిలో వేరుగా కనబడటం చిన్న బరువు కాదు. 279 దగ్గర తమ్ముడు ఆగిపోయాడు, తర్వాతది తట్టలేదు. నాలుగు మెట్ల పైనుంచి “రెండు వందల ఎనభై!” అని కేక వినిపించింది. చుట్టూ ఎవరెవరో ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అక్కడి నుంచి ఆఖరి మెట్టు దాకా అక్కాతమ్ముళ్లిద్దరూ గొంతెత్తి లెక్కపెట్టారు. నేను ఆ ఊసెత్తలేదు. మెచ్చుకుంటే మళ్లీ ముడుచుకుపోతుందేమోనని భయం.

కొర్నీల్యా నుంచి వెర్నాత్సాకు కాలిబాట ఆలివ్ తోటల మధ్య నుంచి వెళ్తుంది. కొండంతా మెట్ల పొలాలే. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలే ఆ మట్టిని ఆపుతున్నాయి. 1997లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఆ శ్రమను చూసే. అయినా చాలా గోడలు కూలి, ముళ్లపొదలు కమ్మేశాయి. ఇక్కడి వాళ్లెటుపోయారని అమ్మాయి అడిగింది. చాలామంది లా స్పేత్సియా నౌకానిర్మాణ కేంద్రానికి, ఫ్యాక్టరీలకు పనికోసం వెళ్లిపోయారని చెప్పాను.

“నువ్వు వచ్చినట్టేనా అమ్మా?”

“అవును.”

“మరి తాతయ్య పొలం?”

“కౌలుకిచ్చారు.”

ఆ తర్వాత ప్రెవో అనే చిన్న పల్లె దాకా ఆ పొలం గురించే అడిగింది. ఏం పండుతుంది, నీళ్లెక్కడివి, గట్టు మీద చెట్లేమిటి. అన్నీ తెలుగులోనే, మామూలు గొంతుతోనే. రెండింటికి నా దగ్గర జవాబు లేదు. వెర్నాత్సాలో శనగపిండితో కాల్చిన ఫరినాతా తింటూ, మన అట్టులాగే ఉందని తమ్ముడు సంబరపడుతుంటే, అది మా నాన్నకు ఫోను చేసి ఆ రెండూ తనే అడిగింది.