బాతోరి దొరసాని, పూర్తికాని కుట్టుపని

మొన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్ తిప్పుతుంటే మళ్ళీ ఆవిడే ప్రత్యక్షం. ఎర్రటి తొట్టి, అందులో పాలిపోయిన ఒక ఆడమనిషి, కింద కొట్టొచ్చే అక్షరాలతో 650 మంది కన్నెపిల్లల రక్తంలో స్నానం చేసిన రాణి అని. ఎలిజబెత్ బాతోరి. నేనేదో పెద్ద పతిత్తునని చెప్పట్లేదు, డిగ్రీ రోజుల్లో హాస్టల్లో కరెంటు పోయినప్పుడల్లా ఇదే కథకి ఇంకో రెండు మసాలాలు తగిలించి చెప్పి, జూనియర్లు ఒంటరిగా బాత్రూంకి కూడా వెళ్ళలేని స్థితి తెచ్చినదాన్నే. చాలా ఏళ్ళ తర్వాత ఆ కేసులో సాక్షులు ఏం చెప్పారో చదివాను. అప్పట్నుంచి ఆ తొట్టి బొమ్మ చూస్తే చిరాకు. సాక్ష్యాల్లో తొట్టి అసలు లేనే లేదు. సూదులున్నాయి, ఇస్త్రీ పెట్టె ఉంది, మంచులో కుమ్మరించిన నీళ్ళున్నాయి.

ముందు మనిషెవరో చెప్పేస్తాను. రాణి కాదు, ట్రాన్సిల్వేనియాలో పుట్టిందీ కాదు. 1560 ఆగస్టు 7న హంగేరీలోని నీర్‌బాతోర్ ఊళ్ళో పుట్టింది. పుట్టిల్లు మాత్రం మామూలుది కాదు, మేనమామ స్టీఫెన్ బాతోరి పోలండ్‌ని ఏలాడు, ఇంకొందరు బంధువులు ట్రాన్సిల్వేనియాని ఏలారు. పద్నాలుగేళ్ళకి, 1575 మే 8న, ఫెరెంత్స్ నాదష్దితో పెళ్ళి. టర్కీ సైన్యాల మీద యుద్ధాల్లో పేరు మోసినవాడు, ఇంటి పట్టున ఉన్నది తక్కువ. షార్వార్ కోట, చెయ్‌తె కోట, వాటి కింద ఊళ్ళు, పొలాలు, పనివాళ్ళు, అన్నీ ఈవిడే చూసుకునేది. అసలు కథంతా నడిచిన చెయ్‌తె ఇప్పుడు స్లొవేకియాలో ఉంది, అక్కడివాళ్ళు చాఖ్తిత్సె అంటారు, కొండ మీద మొండిగోడలు మిగిలాయి. 1708లో తిరుగుబాటుదార్లు తగలబెట్టేశారు దాన్ని.

ఇప్పుడు కథలో నాకు అన్నిటికంటే మింగుడుపడని ముక్క. గుసగుసలు మొదలైంది 1610లో కాదు. 1602, 1604 మధ్యలోనే షార్వార్ పాస్టర్ ఇష్త్వాన్ మజ్యారి ఈ ఇంట్లో జరిగేవాటి మీద బాహాటంగా ఫిర్యాదు చేశాడు, హంగేరీని ఏలే హాబ్స్‌బర్గ్ రాజవంశపు వియన్నా దర్బారు దాకా తీసుకెళ్ళాడు. అంటే కొంతకాలం మొగుడు బతికి ఉండగానే! ఎవరూ కదల్లేదు. ఎందుకంటే చనిపోయింది రైతుల పిల్లలు. హంగేరీలో 1514లో పెద్ద రైతు తిరుగుబాటు జరిగింది, దాన్ని అణిచేశాక రాసుకున్న చట్టం రైతుని దొరగారి భూమికి శాశ్వతంగా కట్టేసింది, ఊరు వదిలి పోయే హక్కు కూడా లేదు, వాడికి న్యాయం చెప్పేదీ ఆ దొరే. అలాంటి చోట పనిపిల్ల జ్వరమొచ్చి పోయింది అని కోటలోంచి కబురొస్తే, వెళ్ళి శవం చూపించమని అడిగే దమ్ము ఏ తండ్రికుంటుంది?

కదలిక వచ్చింది ఎప్పుడంటే, కాస్త చితికిపోయిన జమీందారీ కుటుంబాలు తమ ఆడపిల్లల్ని పెద్దింటి మర్యాదలు నేర్చుకోమని ఈవిడ దగ్గరికి పంపడం మొదలుపెట్టి, ఆ పిల్లలు కూడా తిరిగి రాకపోయేసరికి. వాళ్ళ తండ్రులకి చట్టంలో గొంతుంది. 1610 మార్చిలో ఆ హాబ్స్‌బర్గ్ వంశపు రాజు మతియాస్ తరఫున విచారణ మొదలైంది, చేయించింది రాజు తర్వాత అంతటివాడైన పలటైన్ జ్యోర్జ్ తుర్జో. ఇద్దరు నోటరీలు ఊళ్ళ మీద పడ్డారు. అక్టోబరుకి 52 మంది సాక్ష్యం చెప్పారు, 1611 అయ్యేసరికి 300 దాటారు.

వాళ్ళు చెప్పిందేంటి? చాలామంది ఫలానావాళ్ళు చెప్పగా విన్నాం అన్నవాళ్ళే, అది ఒప్పుకోవాలి. కానీ ఒంటి మీద వాతలు చూసినవాళ్ళున్నారు, శవాల్ని హడావిడిగా పూడ్చడం చూసినవాళ్ళున్నారు. కోటలో పనిచేసిన ఫిట్స్‌కో అనే కుర్రాడు చెప్పిన ఒక మాట నా బుర్రలో అలా ఉండిపోయింది. రాత్రి పదింటికల్లా కుట్టుపని పూర్తి చెయ్యని పిల్లల్ని హింసకి తీసుకెళ్ళేవాళ్ళట. పది గంటలు! చీకటి పూజ లేదు, సైతాను లేదు, టైముకి తెమలని పని ఉందంతే. మిగతావీ అదే తరహా. బట్టలు సరిగ్గా ఇస్త్రీ చెయ్యకపోతే అదే ఇస్త్రీ పెట్టెతో కాల్చడం, డబ్బు తీసిందని అనుమానమొస్తే నాణెం ఎర్రగా కాల్చి అరచేతిలో పెట్టడం, గోళ్ళ కింద సూదులు గుచ్చడం, చలికాలంలో బట్టల్లేకుండా బయట నిలబెట్టి నీళ్ళు కుమ్మరించడం, తిండి మాన్పించడం. దొరసానే పళ్ళతో కొరికేదని కూడా ఉంది. తర్వాత వచ్చిన పిశాచి కథలకి ఏదైనా విత్తనం ఉందంటే బహుశా ఈ కొరకడమే.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడకి పదేళ్ళప్పుడు ఓ కామందు ఇంట్లో పనికి పెట్టారు. కుడి మోచేతి దగ్గర బొటనవేలంత మచ్చ ఉండేది. పాలు పొంగించేసినందుకు ఆ ఇంటావిడ అట్లకాడ కాల్చి పెట్టిందట. మా నాయనమ్మ దీన్ని నవ్వుతూ చెప్పేది, ఆపైన "ఆ యమ్మ మంచిదేలే, పండక్కి గుడ్డలు పెట్టేది" అనేది. మా నాన్నకి ఆ మాట వింటే ఒళ్ళు మండేది, లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. ఆ ఇంటావిడని తీసుకొచ్చి బాతోరి పక్కన నిలబెట్టడం నా ఉద్దేశం కాదు, చెయ్‌తెలో జరిగిందని చెప్పేది వేరే స్థాయి. కాకపోతే రక్తం తొట్టి అంటే ఎక్కడో రాక్షసలోకం అనిపిస్తుంది, అట్లకాడ అంటే నాకు వంటగది కనిపిస్తుంది.

సరే, 650 సంగతి. విచారణలో సుజానా అనే పనిమనిషి, దొరసాని చేత్తో రాసిన జాబితా ఒకటి కోట ఉద్యోగి ఒకాయన చూశాడట, అందులో 650 పేర్లున్నాయట అని చెప్పింది. ఒకరు చూశారని ఇంకొకరు చెప్పిన మాట అది. ఆ పుస్తకం ఎప్పుడూ బయటపడలేదు, చూశాడన్న మనిషి కూడా తన సాక్ష్యంలో ఆ ఊసెత్తలేదు. దగ్గరుండి పని చేసిన డోర్కా, ఫిట్స్‌కో చెప్పిన లెక్కలు 36, 37. షార్వార్ వైపు మనుషులు వందా రెండొందలూ అన్నారు. వీడియోల వాళ్ళకి ఎప్పుడూ 650యే కావాలి. నన్నడిగితే 36 మంది పిల్లలు అన్నా చాలు నోరు పెగలకుండా పోవడానికి.

1610 డిసెంబరు ఆఖర్లో తుర్జో చెయ్‌తె మీద దాడి చేశాడు. ఒళ్ళంతా రక్తంతో రెడ్ హ్యాండెడ్‌గా దొరికింది అనేది కల్పన. ఆయన తన భార్యకి రాసిన ఉత్తరం ఉంది, అందులో ఒక పిల్ల శవం, ప్రాణాలతో బందీగా ఇంకో పిల్ల దొరికారని రాశాడు. అంతే. తర్వాత జరిగిందంతా పరుగులే. జనవరి 2న బిత్చా అనే ఊళ్ళో పనివాళ్ళ మీద విచారణ, 7న తీర్పు. డోర్కా, ఇలోనా యో అనే ఇద్దరు ఆడవాళ్ళ వేళ్ళు ఎర్రగా కాల్చిన పటకార్లతో పీకి మంటల్లో వేశారు, ఫిట్స్‌కోకి తల తీసి మంటల్లో వేశారు, కతాలిన్ అనే ఇంకొకామెని జైల్లో పెట్టారు. వీళ్ళందరి దగ్గరా నిజాలు రాబట్టింది చిత్రహింసలు పెట్టే, అది మర్చిపోకూడదు. మరి దొరసానికి? విచారణే లేదు. బోనెక్కించాలనీ మరణశిక్ష వెయ్యాలనీ రాజు పట్టుబట్టాడు, తుర్జో ఒప్పించి ఆపాడు, గొప్ప ఇంటి పేరు పోతుందని. ఆవిణ్ణి సొంత కోటలోనే ఉంచారు. చేతులు ఎవరివైనా ఆజ్ఞ ఎవరిదో అందరికీ తెలుసు, వేళ్ళు మాత్రం పనివాళ్ళవే పోయాయి.

ఇక్కడ ఇంకో వర్గం వస్తుంది, అసలు ఆవిడ అమాయకురాలు, డబ్బున్న విధవరాలు కాబట్టి ఇరికించారు అనేవాళ్ళు. కొట్టిపారెయ్యను. రాజు మతియాస్ ఆ కుటుంబానికి బాకీ ఉన్నమాట నిజం. ఆవిడ బంధువు గాబోర్ బాతోరి అప్పుడు ట్రాన్సిల్వేనియా ప్రభువు, హాబ్స్‌బర్గులకి పక్కలో బల్లెం. పైగా కొందరు హంగేరీ చరిత్రకారులు, ఆ వాతలూ కోతలూ ఆనాటి నాటువైద్యం అయ్యుండొచ్చు, కోటలో అంటురోగాలతో పోయిన పిల్లల్ని ఈవిడ లెక్కలో వేశారు అంటారు. కానీ తుర్జో పరాయివాడేం కాదు. నాదష్ది 1604 జనవరిలో చనిపోతూ తన భార్యనీ వారసుల్నీ చూసుకోమని అప్పజెప్పింది ఈ తుర్జోకే. మతం కక్ష అంటే, ఈవిడ లాగే అతనూ ప్రొటెస్టెంటే. ఏళ్ళ ముందే నోరు విప్పిన మజ్యారికి రాజుగారి అప్పుతో పనేంటో ఎవరూ చెప్పరు. రాజకీయం ఉంది, పిల్లల శవాలూ ఉన్నాయి, నాకైతే ఒకటి ఉంటే రెండోది అబద్ధమైపోవాలని అనిపించదు.

ఇంకో విచిత్రం, చెయ్‌తె ఊరి పాస్టర్ పొనికెనుస్ కూడా దొరసాని మీద గట్టి ఆరోపణలు చేసినవాళ్ళలో ఒకడు, ఆయన ఉత్తరంలో దొరసాని తన మీదికి మంత్రం వేసి పిల్లుల్ని ఉసిగొల్పిందని కూడా రాశాడు. సాక్షుల్లో ఇలాంటివాళ్ళూ ఉన్నారు మరి, ఏరుకోవాల్సింది మనమే.

సరే మరి రక్తస్నానం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1729లో లాస్లో తురోత్సి అనే జెసూట్ పాద్రీ రాసిన పుస్తకంలో అచ్చులో మొదటిసారి కనిపిస్తుంది. ఆవిడ పోయి 115 ఏళ్ళయ్యాక! పనిపిల్ల చెంప పగలగొడితే రక్తం చేతి మీద పడింది, పడ్డచోట చర్మం నిగనిగలాడింది, అక్కణ్ణుంచి యవ్వనం పిచ్చి పట్టుకుంది అనే కథ అలా పాకింది. ఆ సంవత్సరం చూడండి. 1725లో హాబ్స్‌బర్గుల పాలనలో ఉన్న సెర్బియాలో కిసిలోవా అనే ఊళ్ళో పెతార్ బ్లగోయెవిచ్ అనే రైతు చచ్చాక లేచొచ్చి జనాన్ని చంపుతున్నాడని సమాధి తవ్వి గుండెలో మేకు దించారు. 1732 నాటికి అలాంటిదే ఇంకో ఊరి కేసు మీద సైనిక వైద్యుల రిపోర్టు యూరప్ అంతా చక్కర్లు కొట్టింది. ఈ శవాలు తవ్వే పిచ్చిని చివరికి 1755లో మారియా థెరిసా మహారాణి ఉత్తర్వు వేసి ఆపాల్సి వచ్చింది. రక్తం, సమాధి, పిశాచి అని ఊరూరా మాట్లాడుకునే ఆ రోజుల్లో ఒక పాత దొరసాని కథకి రక్తం తొట్టి అతుక్కుందంటే నాకేం ఆశ్చర్యం లేదు. 1817లో సాక్ష్యాలు మొదటిసారి అచ్చయ్యాయి, స్నానం ఊసు లేదని తేలింది. తేలి ఏం లాభం, అప్పటికే కథ పరుగెత్తింది.

ఇక డ్రాకులాకి ఈవిడే స్ఫూర్తి అనే మాట. 1897లో వచ్చిన ఆ నవల కోసం బ్రామ్ స్టోకర్ రాసుకున్న నోట్సు దొరికాయి, అందులో ఈవిడ పేరు లేదు. నిజమైన లంకె కావాలంటే ఒకటుంది. 1476లో, ఆ నవలలోని పిశాచికి పేరిచ్చిన వలాకియా ప్రభువు వ్లాద్ డ్రాకులాని మళ్ళీ గద్దె ఎక్కించడానికి సైన్యంతో వెళ్ళింది ఈవిడ వంశపు స్టీఫెన్ బాతోరియే, పోలండ్ రాజు కాదు, ఇంకా పాతాయన. ఇంకోటి నాకు చాలా ఇష్టం. 1922లో జర్మన్లు తీసిన మూకీ పిశాచి సినిమా నోస్ఫెరాటులో ఆ భూతం కోటగా కనిపించేది స్లొవేకియాలోని ఒరావా కోట. అది ఒకప్పుడు ఎవరిదనుకున్నారు? తుర్జోది. ఆయన సమాధి కూడా అక్కడే.

బాతోరిని నాలుగు గోడల మధ్య ఉంచి ఇటుకలు పేర్చి, అన్నం పెట్టడానికి ఒక సందు వదిలారు అని చెబుతారు కానీ, 1614 జులైలో వెళ్ళి చూసిన పాద్రీల రాతల ప్రకారం కోటలో తిరగనిచ్చేవారనే తెలుస్తోంది. అదే ఏడాది ఆగస్టు 21 రాత్రి, తుర్జోల బంధువు రాసిన ఉత్తరం ప్రకారం, ఆవిడ కాపలావాడిని పిలిచి చూడు, నా చేతులెంత చల్లగా ఉన్నాయో అంది. ఏం కాదమ్మగారూ, వెళ్ళి పడుకోండి అన్నాడు. తెల్లారేసరికి పోయింది, 54 ఏళ్ళు. చెయ్‌తె చర్చిలో పాతిపెట్టారు, తర్వాత తరలించారంటారు, ఇవాళ ఆ సమాధి జాడ లేదు. ఆ పిల్లల సమాధులకీ లేదు, ఆ పదింటి కుట్టుపని చేసినవాళ్ళ పేర్లు వెతుక్కుంటూ పోతే నాకు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కూడా దొరకలేదు.