చెయ్యి అలిస్తే గురి తప్పుతుంది

ఉదయగిరిలో చెక్క స్పూన్లు, ఫోర్కులు చేసే ఆడవాళ్ల దగ్గర మొన్న కాసేపు కూర్చున్నాను. ఒక పెద్దమ్మ ఫోర్కు పళ్లు తీసే పని పొద్దున్నే పెట్టుకుంటుంది. మధ్యాహ్నం నుంచి ఆకురాయితో రుద్దడమే. "అలిసినాక చెయ్యి మాట వినదు నాయనా" అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కండరం ఎంత సాగిందో కనిపెట్టే సన్నటి గ్రాహకాలు దాని లోపలే ఉంటాయి. చెయ్యి ఎక్కడుందో చూడకుండానే మనకు తెలిసేది ఎక్కువగా వాటివల్లే. మనం పడుతున్న ప్రయాసను బట్టి కూడా మెదడు అంచనా వేసుకుంటుంది. అలిసిన కండరంతో అదే పని చేయాలంటే ఎక్కువ ప్రయాస పడాలి కాబట్టి ఆ అంచనా తప్పుతుంది. కళ్లు మూసుకుని రెండు చేతులూ ఒకే ఎత్తులో పెట్టమంటే, అలిసిన చెయ్యి కొన్ని డిగ్రీలు అటో ఇటో పోతుంది. పైగా అలిసిన కండరాన్ని కదిలించడానికి మెదడు పంపే నరాల సంకేతం పెరిగేకొద్దీ అందులో ఒడుదుడుకులూ పెరిగి, వేళ్లు వణుకుతాయి.

ఆ వణుకులో ఒక్క పన్ను విరిగినా ఫోర్కంతా పోయినట్టే, దానిమీద పడ్డ కష్టమూ పోయినట్టే. ఇంత సున్నితమైన పనికి ముక్కకింత అని కూలి కట్టి, విరామానికి పైసా లెక్కవేయకపోవడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తోంది.