కాఫీ అంగడి వాసన మీద వ్యాసం రాయాలంటే

తెలుగు పీరియడులో 'మీకిష్టమైన వాసన' అని వ్యాసమిస్తే మన బడిలో సగం కాగితాల నిండా మల్లెపూలు, మిగతా సగంలో తొలకరి. చెన్నై మైలాపూరులో గుడి చుట్టూ ఉన్న మాడవీధుల పక్కనే బడి. నాలుగడుగులు వేస్తే గింజలు వేయించి పొడి కొట్టే కాఫీ అంగడి. అయినా దాని జోలికి పోయేవాళ్లు తక్కువ. పోయినవాళ్లూ 'ఘుమఘుమలాడే కాఫీ' అని ఒక్క ముక్కతో సరిపెట్టేవారు. మన బడి పాతవిద్యార్థుల ఈ సంచిక ఇప్పటి పిల్లల చేతికీ వెళ్తుంది కాబట్టి ఆ వ్యాసానికి కావలసిన సరుకు ఇక్కడ పెడుతున్నాను.

అసలది ఒక్క వాసన కాదు, వరసగా వచ్చే నాలుగైదు వాసనలు. పచ్చి గింజకు కాఫీ వాసనే ఉండదు. ఎండుగడ్డి, గోనెసంచీ వాసన. వేయించే డ్రమ్ములో తిరుగుతున్నకొద్దీ ముందు తేమ ఆవిరవుతుంది. గింజ పసుపురంగుకు తిరిగేసరికి పేలాల వాసన, ఆ తర్వాత కాలిన రొట్టె వాసన. దాదాపు 200 డిగ్రీల వేడికి గింజలు చిటపటమని పగులుతాయి. వీధి మలుపులోనే మనం పసిగట్టే వాసన ఈ దశలో మొదలవుతుంది. ఇంకాసేపు ఉంచారంటే గింజ మీద నూనె తేలుతుంది, పొగ లేస్తుంది, చివరికి మాడు వాసన మిగులుతుంది. అందుకే వేయించే మనిషి గడియారాన్ని నమ్ముకోడు. డ్రమ్ములోంచి నాలుగు గింజలు బయటికి లాగి, రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. వ్యాసంలో ఈ ఒక్క పని సరిగ్గా చూపిస్తే పది విశేషణాలు మిగుల్తాయి.

పొడి కొట్టేటప్పుడు వచ్చేంత వాసన మరెప్పుడూ రాదు, గింజలో చిక్కుకున్న వాయువులు ఒక్కసారిగా బయటపడతాయి కనుక. అదే పొడి మూత సరిగా లేని డబ్బాలో వారం ఉంటే చప్పబడిపోతుంది. ఇక చికరీ. అది కాఫీ గింజ కాదు, వేరు. వేయిస్తే మాడుబెల్లం వాసన. 100 గ్రాములకు 20 గ్రాములు కలిపితే డికాక్షన్ చిక్కబడుతుంది, రంగొస్తుంది. 40కి పోతే బెల్లం వాసనే ముందుకొచ్చి కాఫీ వెనకపడుతుంది. చికరీ వేసిందే కాఫీ అనేవాళ్లతో నాకు పేచీ లేదు గానీ, రాసేటప్పుడు ఏది దేని వాసనో విడదీసి రాయాలి.

ఇంట్లో వాసన పట్టుకోవలసిన చోటు ఫిల్టరు. పైగిన్నెలో 30 గ్రాముల పొడి పోసి, బిళ్లతో మెల్లగా అదిమి, మరిగి దించిన నీళ్లు కొద్దిగా పోయండి. తాజా పొడి నురగెత్తి పొంగుతుంది, అప్పుడే గుప్పుమంటుంది. పాతపొడి నీళ్లు పీల్చుకుని ఊరుకుంటుంది. ఆ తర్వాత మిగతా నీళ్లు, అంతా కలిపి 150 మిల్లీలీటర్లు. గట్టిగా అదిమినా, పొడి మరీ మెత్తనైనా చుక్క దిగదు. అసలు అదమకపోతే నీళ్లు జారిపోయి డికాక్షన్ పలచన. దిగడానికి పావుగంట పైనే పడుతుంది. చల్లారిన డికాక్షన్‌ను పొయ్యి మీద మరిగించారో, వాసన గదిలోకి పోతుంది, గ్లాసులో చేదు మిగులుతుంది. వేడినీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చబెట్టాలి.

ముక్కు సంగతి కూడా రాయాలి. అంగడిలో నాలుగు నిమిషాలు నిలబడితే వాసన తెలియడం తగ్గిపోతుంది. అక్కడ పొద్దంతా ఉండేవాళ్లకు అది పట్టదు. బయటికొచ్చి కాసేపు తిరిగి మళ్లీ లోపలికెళ్లి రాసుకోండి. ఇంకో పరీక్ష: ముక్కు మూసుకుని గుక్కెడు కాఫీ తాగండి. నాలుకకు తెలిసేవి చేదు, తీపి, వేడి. వేలు తీయగానే గొంతు వెనకనుంచి వాసన ముక్కుకెక్కి అది కాఫీ అవుతుంది. ఆ క్షణాన్ని రెండు వాక్యాల్లో పెట్టగలిగినవాళ్లకు మా తెలుగు మాస్టారు మార్కులు తగ్గించరు.

గాలిని మరిచిపోకండి. ఎండాకాలంలో చాలా రోజులు మధ్యాహ్నానికి సముద్రపు గాలి తూర్పునుంచి తిరుగుతుంది. అంగడికి పడమర ఉన్న తరగతి గదులకు అప్పుడే వాసన సోకుతుంది, తూర్పు గదులవాళ్లకు అందదు. కాబట్టి 'బడంతా కాఫీ వాసన' అని రాయకండి. ఏ గదిలో, ఎన్నో పీరియడులో అన్నది రాయండి.