వాపు తగ్గడం కూడా ఒక పనే

ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చునే ఉద్యోగం నాది. రిపోర్టు చేతికి రాగానే అందరి కళ్లూ టోటల్ కౌంట్ మీదికే పోతాయి. "పద్దెనిమిది వేలు ఉందండీ, ప్రమాదమా?" అని అడుగుతారు. తెల్లకణాలు మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉంటాయి కాబట్టి ఆ కంగారు సహజమే. నాకు మాత్రం ఆ అంకె కంటే స్లైడు ఎక్కువ చెబుతుంది.

లీష్మన్ స్టెయిన్ అనే రంగు వేసిన రక్తపు స్లైడు ఆరాక, నూనె చుక్క వేసి పెద్ద లెన్సు కింద చూస్తే, క్రిములను మింగే తెల్లకణం న్యూట్రోఫిల్‌ను గుర్తుపట్టడం తేలిక. దాని కేంద్రకం మూడు నాలుగు తమ్మెలుగా విడి, మధ్యలో సన్నటి పోగులతో అతుక్కుని ఊదారంగులో కనిపిస్తుంది. ఒంట్లో బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ముదిరినవాళ్ల స్లైడు వేరు. అందులో తమ్మెలు ఇంకా విడని, వంకీలా వంగిన కేంద్రకం ఉన్న కణాలు వరసగా తగులుతుంటాయి. బ్యాండ్ సెల్స్ అంటాం. లోపల రేణువులు కూడా ముదురుగా, మోటుగా ఉంటాయి. మామూలు రోజుల్లోనే ఎముక మజ్జ రోజుకు సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్‌ను తయారుచేస్తుంది. అవసరం ముంచుకొస్తే ఎదిగీ ఎదగనివాటిని కూడా రక్తంలోకి వదిలేస్తుంది. బ్యాండ్ సెల్స్ ఎక్కువగా కనిపించిన రోజు నేను రిపోర్టు పంపి ఊరుకోను, డాక్టరుగారికి ఫోన్ చేసి చెబుతాను.

ఇంత హడావుడీ మొదలయ్యేది చర్మం కిందో, ఊపిరితిత్తుల్లోనో ముందునుంచీ కాపురముంటూ క్రిములనూ చచ్చిన కణాలనూ మింగే మాక్రోఫేజ్ కణాల దగ్గర. వచ్చింది ఫలానా క్రిమి అని వాటికి తెలియనక్కర్లేదు. బ్యాక్టీరియా గోడలో ఉండి మన ఒంట్లో ఎక్కడా ఉండని పదార్థం తగిలితే చాలు. ఆ పసిగట్టే గ్రాహకాల ఆచూకీ ఈగల దగ్గర దొరికింది. టోల్ అనే జన్యువు పనిచేయని పండ్ల ఈగలు బూజు సోకి చచ్చిపోతున్నాయని 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపించింది. రెండేళ్లకే బ్రూస్ బాయిట్లర్ బృందం ఎలుకల్లో అదే కుటుంబానికి చెందిన గ్రాహకాన్ని పట్టుకుంది. ఇద్దరికీ 2011లో నోబెల్ వచ్చింది. అలాంటివి మనిషిలో పది ఉన్నాయి.

మాక్రోఫేజ్ కబురు పెట్టగానే చుట్టుపక్కల రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుకే ఎరుపు, వేడి. నాళాల గోడలు సందులిచ్చి నీరు బయటికి ఊరుతుంది. అదే వాపు. లోపల పరుగెడుతున్న న్యూట్రోఫిల్ ఆ గోడకు తగిలి దొర్లుతుంది, నెమ్మదిస్తుంది, గట్టిగా అంటుకుంటుంది, ఆపైన తన ఒళ్లంతా సన్నగా సాగదీసుకుని గోడ సందులోంచి బయటికి జారుతుంది. యాంటీబాడీలు తయారయ్యేసరికి రోజులు పడుతుంది. న్యూట్రోఫిల్స్ రావడానికి గంటలు చాలు.

కణాలు ఇలా కదిలివచ్చి క్రిమిని మింగుతాయని పట్టుబట్టి చెప్పినవాడు ఇల్యా మెచ్నికాఫ్. 1882లో సిసిలీలోని మెస్సీనాలో, అద్దంలా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలోకి గులాబీ ముల్లు గుచ్చాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. అప్పట్లో చాలామంది వైద్యులు, చీములోని తెల్లకణాలు క్రిములను ఒళ్లంతా మోసుకుపోతాయని నమ్మేవారు. ఆయన దాన్ని తలకిందులు చేశాడు. 1908లో నోబెల్ వచ్చింది. ఆ ముల్లు ప్రయోగం గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. నా స్లైడు మీద ఉన్నదీ ఆ కణాల వారసత్వమే కదా.

ఇంతవరకూ పుస్తకాలన్నీ చెబుతాయి. నన్ను బాగా పట్టుకున్నది ఆ తర్వాతి భాగం. క్రిమి చచ్చాక వాపు దానంతటదే చల్లారుతుందని చాలాకాలం అనుకున్నారు. అది పొరపాటు. న్యూట్రోఫిల్ రేణువుల్లో ఉన్న రసాయనాలు క్రిమినీ, మన కండనూ ఒకే తీరున కరిగిస్తాయి. పని అయిపోయాక అది పగలకుండా, లోపలి సరుకు చిందకుండా పద్ధతిగా చావాలి. ఆ కళేబరాన్ని మాక్రోఫేజ్ మింగాలి. మింగిన మాక్రోఫేజ్ తీరే మారిపోతుంది. అంతకుముందు రమ్మని పిలిచినది, ఇప్పుడు చాలు అని చెప్పే పదార్థాలు వదులుతుంది. ఇంకో విశేషం. నొప్పినీ జ్వరాన్నీ తెచ్చే ప్రోస్టాగ్లాండిన్లు పుట్టే అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం నుంచే, తర్వాతి దశలో లైపాక్సిన్లు అనేవి పుడతాయి. అవి కొత్త న్యూట్రోఫిల్స్ రాకను ఆపుతాయి. వీటిని 1984లో చార్లెస్ సెర్హాన్, బెంగ్ట్ సామ్యుయెల్సన్ కనుక్కున్నారు.

గౌట్ అనే కీళ్ల జబ్బులో, కీలులో యూరిక్ ఆమ్లం స్ఫటికాలు చేరితే, ఏ క్రిమీ లేకుండానే ఇదే తతంగం నడుస్తుంది. రాత్రికి రాత్రే బొటనవేలు ఎర్రగా ఉబ్బి, దుప్పటి తగిలినా ప్రాణం పోయినంత నొప్పి.

వాపు ఎక్కుతోందా, దిగుతోందా అన్నది ఒక్క అంకె చెప్పదు. అందుకే, కౌంట్ ఎంతుందని అడిగినవాళ్లకు నేను చెప్పే మాట ఒకటుంది: ఒక్క రిపోర్టుతో బెంబేలెత్తకండి, డాక్టరుగారు మళ్లీ చేయించమంటే తప్పకుండా చేయించండి. సీఆర్‌పీనే తీసుకోండి. వాపు కబురు అందుకుని కాలేయం తయారుచేసే ప్రొటీన్ అది. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో మొదటిసారి కనబడింది. రక్తంలో దాని అర్ధాయువు సుమారు 19 గంటలు. అంటే కబురు ఆగిపోతే ఒక్క రోజులోనే సగానికి పైగా దిగుతుంది. నిన్న 160 ఉండి ఇవాళ 70 వచ్చిందంటే, ఆ 70 కూడా ఎక్కువే అయినా నాకు ఊరటగా ఉంటుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టి రెండు మూడు రోజులైనా కదలకపోతే, మందు సరిపడలేదా, ఎక్కడైనా చీముగడ్డ దాక్కుని ఉందా అని డాక్టర్లు స్కానింగుకు పంపుతారు.