కంట్రోల్ డిష్ కూడా నీలమే

ముసలి కణాలను ఏరి చంపే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) మీద పని చేస్తున్నానంటే మా పెద్దమ్మ, "ఆ సూదేదో ముందు నాకు వెయ్యవే" అంది. సీసా మీదే మనుషులకు వాడకూడదని రాసుంటుందన్నా వినలేదు.

దాని పేరు ఫాక్సో4-డీఆర్ఐ. 2017లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. విభజన ఆగిపోయిన ముసలి కణం చావకుండా మొండికేయడానికి ఒక కారణం, ఫాక్సో4 అనే ప్రోటీన్, కణాన్ని చావువైపు నెట్టగల పీ53 అనే ఇంకో ప్రోటీన్‌ని కేంద్రకంలోనే పట్టి ఉంచడం. ఈ పెప్టైడ్ మధ్యలో దూరి ఆ పట్టు విడిపిస్తే కణం తనంతట తానే చస్తుంది.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడులో ఈ పని మొదలుపెట్టాను. చర్మం లాంటి చోట్ల ఉండే ఫైబ్రోబ్లాస్ట్ కణాలకు, వాటిని ముసలివి చేయడానికి డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు పెట్టి పది రోజులు ఆగితే, కదురుల్లా సన్నగా ఉండేవి దోసె పిండి పోసినట్టు పరుచుకుపోతాయి. బీటా-గెలాక్టోసిడేజ్ అనే ఎంజైమ్‌ని పట్టిచూపే స్టెయిన్ (రంగు) వేస్తే ముసలివి నీలంగా కనిపించాలి.

తెల్లారి చూస్తే, పోలిక కోసం మందు పెట్టకుండా ఉంచిన కంట్రోల్ డిష్‌లోని కుర్ర కణాలూ నీలమే! టెన్షన్‌తో సీనియర్ అక్క దగ్గరికి పరిగెత్తాను. "ఏ ఇంక్యుబేటర్‌లో పెట్టావ్?" అంది. రోజూ కణాలు పెంచేదాంట్లోనే. అందులోని కార్బన్ డయాక్సైడ్ స్టెయిన్‌లో కరిగి, 6 ఉండాల్సిన పీహెచ్ కిందికి జారింది. పీహెచ్ 4 దగ్గర ఆ ఎంజైమ్ కుర్ర కణాల్లోనూ పనిచేస్తుంది మరి. గ్యాస్ లేని ఇంక్యుబేటర్‌కి మార్చాక కంట్రోల్ తెల్లగా వచ్చింది.

తర్వాత పెప్టైడ్ వంతు. ఫ్రీజర్లోంచి తీసిన సీసాకి తేమ పట్టకూడదని, చల్లదనం పోయేదాకా మూత తీయకుండా కూర్చున్నాను. తీశాక చూస్తే పౌడర్ ఉందో లేదో కూడా తెలియలేదు, అడుగున పల్చటి తెల్లపొర. 25 మైక్రోమోలార్ గాఢత వచ్చేలా లెక్కగట్టి వేశాను. మూడుసార్లు వేసినా ముసలి కణాలు నిక్షేపంగా ఉన్నాయి.

మా గైడ్ మేడమ్, సీసాతో వచ్చిన సర్టిఫికెట్ తెమ్మన్నారు. నేను చూసింది "ప్యూరిటీ 98 శాతం" ఒక్కటే; అది వేరే పెప్టైడ్ల కల్తీ ఎంతో చెప్పేదే. ఇంకో వరసలో నెట్ పెప్టైడ్, అంటే మొత్తం బరువులో పెప్టైడ్ వాటా, 70 శాతం అని ఉంది. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువున్న పెప్టైడ్ కదా, తయారీలో వాడిన ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం దాన్ని అంటిపెట్టుకునే వస్తుంది, పైగా కాస్త తేమ. నేను తూచినదాంట్లో 30 శాతం అసలు పెప్టైడే కాదు! నా 25 నిజానికి పదిహేడున్నర.

లెక్క సరిచేసి వేసిన మూడో రోజు, ముసలి డిష్‌లో ఊడిపోయి తేలుతున్న కణాలు కనిపించాయి. పక్క డిష్‌లో కుర్రవి మామూలుగానే ఉన్నాయి. ఇంకో రెండుసార్లు రిపీట్ చేసి చూపించమన్నారు మేడమ్. సీసాలో మిగిలింది ఒక్కసారికే సరిపోతుంది.